శ్రీ అరవిందుల మూడు బడులు

1910 ఏప్రిల్ 4వ తేదీ సాయంత్రం డూప్లే అనే ఓడ పుదుచ్చేరి రేవులో లంగరు వేసింది. అందులో మారుపేరుతో వస్తున్న ముప్ఫయ్యేడేళ్ళ వంగీయుని దింపుకొని పోవడానికి ఇద్దరు తమిళులు ఓడమీదికి వెళ్ళారు. ఒకరు సుబ్రహ్మణ్య భారతి. అప్పటికి రెండేళ్ళుగా ఆయన కూడా బ్రిటిష్ పోలీసులకు చిక్కకుండా ఈ ఫ్రెంచి పట్టణంలోనే తలదాచుకొని ఉన్నారు. రెండవవారు శ్రీనివాసాచారి. అతిథిని వారు కోమటి చెట్టి వీధిలోని కాల్వే శంకర చెట్టి గారి ఇంటికి తీసుకొనిపోయి మేడమీద ఉంచారు. ఆ వీధి పేరులోనే మనవైపు వర్తకుల జాడ కనిపిస్తుంది. ఆ వీధి దరిమిలా కాల్వే సుబ్బరాయ చెట్టి పేరిట వాడుకలోకి వచ్చింది. పుదుచ్చేరిలో పలు తరాలవారు చదువుకొన్న కాల్వే కళాశాల వెలసింది కూడా ఆయన పేరిటనే.

ఓడ రేవు చేరిన నాడే కలకత్తాలో ఆ అతిథిపై రాజద్రోహ నేరానికి వారంటు పుట్టింది. ఆయన నడుపుతూ వచ్చిన 'కర్మయోగిన్' పత్రికలో అంతకు రెండు రోజుల ముందువరకు ఒక వ్యాసపరంపర అచ్చవుతూ ఉన్నది. అది బాంబుల గురించి కాదు, బహిష్కారం గురించి కాదు. జాతీయ విద్యావిధానం గురించి. ఆ పరంపర అసంపూర్తిగానే నిలిచిపోయింది.

శ్రీ అరవిందులను యోగిగా, కవిగా, విప్లవకారుడుగా తెలుగు పాఠకులు ఎరుగుదురు. విద్యాహక్కు ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం ఆయన పేరు ఎవరికీ స్ఫురించదు. కాని ఆయన జీవితం మూడు బడుల మీదుగా సాగింది. చదువును ప్రభుత్వం చట్టంతో నిర్బంధం చేసిన చోటు ఒకటి. ప్రభుత్వమే శిక్షగా చదువు మాన్పించిన చోటు మరొకటి. చట్టంతో గాని పట్టాలతో గాని పనిలేకుండా చదువు సాగిన చోటు మూడవది. చదువు పాలకులు దయచేసే ఈవియా, పౌరుడు నిలదీసి తీసుకొనే హక్కా అన్న మీమాంసలో మన చట్టసభలు నూరేళ్ళు కాలయాపన చేశాయి. ఆ మీమాంసను ఈ మూడు బడుల దారిలో చూస్తే కొన్ని సంగతులు స్పష్టపడతాయి.

అరవిందులు 1872 ఆగస్టు 15న కలకత్తాలో జన్మించారు. తండ్రి కృష్ణధన ఘోష్ రంగపూర్‌లో సివిల్ సర్జన్. ఆయనకు ఆంగ్లేయుల పద్ధతులపై ఎంత మోజంటే, పిల్లల చెవిని మాతృభాష పడకుండా పెంచాలనుకొన్నారు. అయిదేళ్ళ వయస్సులో కుమారుని డార్జిలింగ్‌లోని కాన్వెంటుకు పంపారు. ఏడవ ఏట అన్నలిద్దరితో పాటు ఇంగ్లండు చేర్చి, మాంచెస్టర్‌లో ఒక పాదిరీ గారి ఇంట విడిచి వచ్చారు. అక్కడ లాటిను, ఆ తరువాత లండన్ సెయింట్ పాల్స్ పాఠశాలలో గ్రీకు ఆయనకు వశమయ్యాయి. తండ్రి పంపే పైకం రానురాను సక్రమంగా అందకపోవడంతో అన్నదమ్ములు లండన్ చలిలో అర్ధాకలితో గడిపిన రోజులున్నాయి. విద్యార్థి వేతనం లభించినందువల్లనే 1890లో కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలో చేరగలిగారు. డబ్బు లేనివాడికి ఎంత తెలివి ఉన్నా ఎవరో ఒకరు చేయూతనిస్తే తప్ప చదువు దక్కదన్న సంగతి ఈ సివిల్ సర్జన్ గారి అబ్బాయికి సైతం అనుభవానికి వచ్చింది.

అదే సంవత్సరం ఐ.సి.ఎస్. పోటీ పరీక్షలో పదకొండవ స్థానం సంపాదించారు. గుర్రపుస్వారీ పరీక్షలో కృతార్థులు కానందున ఉద్యోగం రాలేదు. రావాలని ఆయన కోరుకోలేదని కూడా జీవితచరిత్రకారులు చెబుతారు. కేంబ్రిడ్జిలో ట్రైపాస్ మొదటి భాగం ప్రథమశ్రేణిలో గెలిచినా పట్టా పుచ్చుకోకుండానే ఇంటిముఖం పట్టారు. పేరు పక్కన బి.ఎ. అని రెండక్షరాలు రాసుకొనే యోగ్యత లేకుండా మిగిలిపోయిన ఈ మహాపండితుడు తరువాత రెండు కళాశాలలలో పనిచేశారు. ఒకదానికి అధ్యక్షుడుగా కూడా ఉన్నారు. నేటి నిబంధనల ప్రకారమైతే ఆయన దరఖాస్తు గుమాస్తా బల్ల దాటి ఉండేది కాదు.

1893 ఫిబ్రవరిలో స్వదేశం చేరి బరోడా సంస్థానంలో కొలువు కుదిరారు. మొదట రెవిన్యూ, సెక్రటేరియట్ పనులు. ఆ తరువాత బరోడా కళాశాలలో ఫ్రెంచి, ఇంగ్లీషు బోధన. చివరకు ఉపాధ్యక్ష పదవి. ఆ పదమూడేళ్ళలోనే ఆయన సంస్కృతం, వంగభాష, మరాఠీ, గుజరాతీ అలవరచుకొన్నారు. చిన్ననాడు తండ్రి దూరంచేసిన మాతృభాషను ఒక వంగీయ యువకుణ్ణి ఇంట పెట్టుకొని పాఠాలు చెప్పించుకోవలసి వచ్చింది.

ఆయన కొలువు సాగిన కాలంలోనే ఆ సంస్థానంలో ఒక పెద్ద మార్పు జరిగింది. సాయాజీరావు గాయక్వాడ్ మహారాజు 1893లోనే అమ్రేలీ తాలూకాలో నిర్బంధ ఉచిత ప్రాథమిక విద్యను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. 1906లో యావత్తు సంస్థానానికి దానిని చట్టంగా విస్తరించారు. ఆడపిల్లలను కూడా అందులో చేర్చారు. పిల్లవానిని బడికి పంపని తండ్రికి జరిమానా విధించారు. బ్రిటిష్ ఇండియాలో ఎక్కడా లేని ఏర్పాటు ఇది. అరవిందులు బరోడాలో అడుగుపెట్టిన ఏడు అది మొదలైంది. విడిచిపెట్టిన ఏడు సంస్థానమంతటా వ్యాపించింది. ఇంత చేరువగా ఉండి కూడా, తరువాత ఆయన రాసిన విద్యావ్యాసాలలో గది లోపలి బోధన ఎలా ఉండాలన్నదే ముఖ్యం. ఆ గదిలోకి ఎవరు రాగలరు, ఎవరు రాలేరు అన్న ప్రశ్న వాటిలో ప్రధానం కాలేదు. ఇది లోపమని ఈ విలేఖరి అభిప్రాయం.

రెండవ బడి కథ కలకత్తాలో మొదలవుతుంది. వంగవిభజనకు నిరసనగా విద్యార్థులు వీధులలోకి వచ్చారు. 1905 అక్టోబరులో బెంగాల్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి కార్లైల్ పేర ఒక సర్క్యులర్ వెలువడింది. విద్యార్థులు స్వదేశీ సభలలో, ఊరేగింపులలో పాల్గొంటే ఆ విద్యాసంస్థలకు గ్రాంటు ఆగిపోతుంది. వేతనాలకు, విశ్వవిద్యాలయ గుర్తింపుకు మోసం వస్తుంది. సారాంశం ఇంతే. రంగపూర్ జిల్లా స్కూలు పిల్లలకు తలకు అయిదు రూపాయల చొప్పున జుల్మానా పడింది. తల్లిదండ్రులు కట్టం పొమ్మన్నారు. నవంబరులో తమ పిల్లల కోసం తామే ఒక జాతీయ పాఠశాల తెరిచారు. అరవిందుల తండ్రి వైద్యాధికారిగా పనిచేసిన ఊరు అదే కావడం యాదృచ్ఛికం.

నాటి సర్కారు తర్కం సూటిగా ఉండేది. చదువు మేము పెడుతున్న అన్నం, విధేయత లేనివాడికి విస్తరి వేయము అన్నదే ఆ ధోరణి. చదువు చట్టరీత్యా హక్కు కానప్పుడు ఈ తర్కానికి కోర్టులో సమాధానం ఉండదు. సమాధానం బజారులోనే ఉంటుంది. సుబోధచంద్ర మల్లిక్ లక్ష రూపాయలు ప్రకటించారు. ఇతర జమీందారులు అంతకు మించి ఇచ్చారు. జాతీయ విద్యామండలి ఏర్పడింది. 1906 ఆగస్టు 15న, అరవిందుల ముప్ఫైనాలుగవ జన్మదినాన, బెంగాల్ జాతీయ కళాశాల పని ప్రారంభించింది. బరోడాలో ఏడువందల పైచిలుకు జీతం వదులుకొని, అందులో స్వల్పభాగంతో ఆయన ఆ కళాశాల అధ్యక్ష పదవి స్వీకరించారు. అది కాలక్రమంలో పెరిగి 1955లో జాదవపూర్ విశ్వవిద్యాలయమైంది.

ఆ పదవిలో ఆయన నిండా ఏడాది నిలవలేదు. 'వందేమాతరం' పత్రిక రాతలకు బాధ్యుడని 1907 ఆగస్టులో కేసు పెట్టారు. కళాశాలకు చిక్కులు రాకూడదని ముందే రాజీనామా ఇచ్చారు. ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి నిరాకరించి ఆరు నెలల జైలుకు వెళ్ళినవారు మరెవరో కాదు, అంతకు నాలుగు నెలల క్రితమే మన కోస్తా జిల్లాలను ఉర్రూతలూగించి వచ్చిన బిపిన్ చంద్ర పాల్.

ఆ పర్యటన ఫలితం ఆంధ్రులకు గుర్తు చేయనక్కరలేదు. అయినా విద్యాహక్కు దృష్టితో ఒకసారి చూడాలి. 1907 ఏప్రిల్‌లో పాల్ ఉపన్యాసాలు విన్న రాజమహేంద్రవరం విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళారు. కళాశాల అధికారి మార్క్ హంటర్ వాటిని సహించలేదు. పలువురిపై వేటు పడింది. ట్రైనింగ్ కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును వెళ్ళగొట్టడమే గాక సర్కారు కొలువుకు పనికిరాడని ముద్రవేశారు. పంతులు కావలసిన ఆయన పత్రికాసంపాదకుడై మరుసటి ఏడు జైలు పాలయ్యారు. వంగదేశపు కథే గోదావరి ఒడ్డున పునరావృత్తమైంది. జవాబు కూడా అదే తీరున వచ్చింది. 1910 మార్చిలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారల పూనికతో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. అరవిందులు పుదుచ్చేరి చేరింది ఆ మరుసటి నెలలోనే.

అలీపూర్ బాంబు కేసు గురించి విస్తరించి చెప్పను. ఏడాది పాటు నిర్బంధం, చిత్తరంజన్ దాస్ వాదన, 1909 మే నెలలో విడుదల అందరికీ తెలిసినవే. తీర్పు చెప్పిన బీచ్‌క్రాఫ్ట్ దొర ఐ.సి.ఎస్. పరీక్షలో గ్రీకులో అరవిందుల తరువాత రెండవ స్థానం పొందినవాడు.

పుదుచ్చేరిలో తొలి ఆరు నెలలు శంకర చెట్టి గారి మేడ దిగి వచ్చింది బహు తక్కువ. ఆ ఇంటనే ఇరవైమూడు రోజులు ఉపవాసం చేశారు. 1911లో ఫ్రెంచివారు పరదేశులపై కొత్త నిబంధన పెట్టి, అయిదుగురు పట్టణ ప్రముఖుల పూచీ ఉంటే తప్ప నివసించరాదన్నారు. శంకర చెట్టి గారు, మరి నలుగురు సంతకాలు పెట్టారు. బ్రిటిష్ గూఢచారులు వీధి మొగలలో కాపు కాసినా ఆయన నలభై ఏళ్ళు ఆ పట్టణం విడిచి కదలలేదు.

ఇక్కడ ఒక వైచిత్రి గమనించాలి. ఆయనకు నీడనిచ్చిన ఫ్రెంచి రిపబ్లిక్ తన స్వదేశంలో 1881, 1882 సంవత్సరాల చట్టాల ద్వారా ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం, మతాతీతం చేసి అప్పటికి మూడు దశాబ్దాలు కావస్తున్నది. బ్రిటిష్ ఇండియాలో అటువంటి ప్రయత్నం 1911 మార్చిలో జరిగింది. చేసినవారు గోపాలకృష్ణ గోఖలే. ఆయన బిల్లు ఎంత వినయంగా రాసిందంటే, స్థానిక సంస్థలు కోరుకొని, ప్రభుత్వం అంగీకరిస్తే, అక్కడక్కడ, ముందుగా మగపిల్లలకు మాత్రమే నిర్బంధ విద్య పెట్టవచ్చునన్నారు. బరోడాను నిదర్శనంగా చూపారు. 1912 మార్చి 19న ఇంపీరియల్ శాసనమండలి దానిని 38 ఓట్లతో తిరస్కరించింది. అనుకూలంగా వచ్చినవి 13. వ్యతిరేకించినవారిలో మనవారు కూడా ఉన్నారు. గోఖలే మితవాది, సూరత్ కాంగ్రెసులో అరవిందుల వర్గానికి ఎదుటి పక్షం. అతివాదులు తమ బడి తాము కట్టుకొన్నారు, మితవాదులు అందరి బడి కోసం చట్టం అడిగారు. వీధులలో పేరు అతివాదులకు వచ్చింది. దూరదృష్టిలో ఈ ఒక్క విషయంలో గోఖలే పక్షమే బలమైనదని నేడు ఒప్పుకోక తప్పదు. చందాలతో లేచిన బడి ఊరిలో కొందరికే అందుతుంది.

అయితే బడి లోపల ఏమి జరగాలన్న విషయంలో అరవిందుల ఆలోచన గోఖలే బిల్లులో కనిపించదు. బోధకుడు అధికారి కాదు, తోడ్పడేవాడు మాత్రమేనని ఆయన సిద్ధాంతం. పిల్లవాని మనస్సు తనకు తానుగా ఎదిగే తీరును కనిపెట్టి నడుచుకోవాలి. తెలిసినదాని నుంచి తెలియనిదానికి, చేరువనుంచి దూరానికి తీసుకొనిపోవాలి. తల్లిదండ్రులు గాని పాలకులు గాని తమకు నచ్చిన మూసలో పిల్లవానిని పోయరాదు. డాక్టరు కృష్ణధన ఘోష్ చేతిలో పెరిగిన కుమారుడు ఈ మాట రాయడంలో స్వానుభవం ఎంత ఉన్నదో ఊహించవచ్చు. 1914 నుంచి వెలువడిన 'ఆర్య' పత్రికలో రాజ్యయంత్రం మనుషులందరినీ ఒకే అచ్చులో దించే ప్రమాదం గురించి ఆయన విపులంగా చర్చించారు.

మూడవ బడి కట్టాలన్న సంకల్పంతో పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధంలో జపాను భయంతో తూర్పు ప్రాంతాలనుంచి అనేక కుటుంబాలు పిల్లలతో సహా ఆశ్రమానికి వచ్చి చేరాయి. అంతవరకు ఆశ్రమంలో పసివారికి చోటు లేదు. 1943 డిసెంబరు 2న మీరా అల్ఫాసా, భక్తులు మాత అని పిలిచేవారు, ఇరవైమంది పిల్లలతో పాఠశాల తెరిచారు. 1926 నుంచి ఏకాంతవాసంలో ఉన్న అరవిందులు ఆ తరగతులకు వెళ్ళి పాఠం చెప్పింది లేదు. ఆయన ఆలోచన మాత్రం అక్కడ అమలుకు వచ్చింది. పరీక్షల ఒత్తిడి లేదు, చివర పట్టా లేదు. పిల్లవాడు తన వేగంలో తాను సాగుతాడు. సముద్రపు ఒడ్డున ఆ చిన్న బడి నడుస్తున్న రోజులలోనే ఢిల్లీలో చదువు హక్కు సంగతి తేల్చడానికి పెద్దలు కూర్చున్నారు.

రాజ్యాంగ రచన తొలిదశలో ప్రాథమిక విద్య ప్రాథమిక హక్కుల జాబితాలోనే ఉండేది. 1947 ఏప్రిల్‌లో సలహాసంఘం దానిని న్యాయస్థానాలు అమలు చేయజాలని సూత్రాలలోకి జరిపింది. అయినా ముసాయిదా 36వ అధికరణంలో, ప్రతి పౌరుడూ ఉచిత ప్రాథమిక విద్యకు హక్కుదారు అన్న అర్థం వచ్చే మాటలు మిగిలాయి. 1948 నవంబరు 23న రాజ్యాంగ నిర్ణయ సభలో లక్ష్మీకాంత మైత్ర ఆ మాటలు తొలగించాలని సవరణ తెచ్చారు. ఆదేశిక సూత్రాలన్నీ ప్రభుత్వం ప్రయత్నించాలి అన్న ధోరణిలో ఉండగా ఇదొక్కటి హక్కు భాషలో ఉండటం పొసగదని ఆయన వాదం. డాక్టర్ అంబేడ్కర్ సవరణను అంగీకరించారు. నిర్బంధ విద్యను ప్రాథమిక తరగతులకే కుదించాలన్న మరొక సవరణను మాత్రం ఆయన నిరాకరించారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టరాదన్నప్పుడు ఆ వయస్సు వరకు వారు బడిలో ఉండితీరాలన్నది ఆయన తర్కం. అంబేడ్కర్ స్వయంగా బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతో విదేశాలలో చదువుకొన్నవారు. వయస్సును కాపాడిన చేతితోనే హక్కు అన్న మాటను వదులుకోవలసి వచ్చింది. అందుకు పదేళ్ళ గడువు మాత్రం మిగిలింది.

ఇది జరిగిన మూడు వారాలలోపే, 1948 డిసెంబరు 11న, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్నాతకోత్సవంలో అరవిందులకు కట్టమంచి రామలింగారెడ్డి జాతీయ బహుమానం ప్రదానం చేశారు. గ్రహీత రాలేదు, సందేశం పంపారు. అందులో భాషాప్రాంతాల ప్రసక్తి కూడా ఉండటంతో ఆనాటి ఆంధ్రులు దానిని శ్రద్ధగా చదివారు. ఉపాధ్యక్షులు కట్టమంచి వారికి అరవిందులతో పాత సంబంధం ఒకటి ఉన్నది. బరోడా కళాశాలలో అరవిందులు విడిచివెళ్ళిన పదవిలో కొంతకాలానికి కూర్చున్నవారు ఆయనే. దరిమిలా మైసూరు విద్యాశాఖకు అధిపతియై ప్రభుత్వ పాఠశాలల తలుపులు పంచముల పిల్లలకు తెరిపించిన ఖ్యాతి ఆయనది. అరవిందుల వ్యాసాలలో లోపించినదని పైన చెప్పిన ప్రశ్నకు, బహుమానం ఇచ్చిన చేయి ఏనాడో తన జవాబు ఇచ్చి ఉన్నది.

1950 డిసెంబరు 5న అరవిందులు కన్నుమూశారు. భారత రాజ్యాంగం అమలులోకి వచ్చి పది నెలలు దాటింది. కాని ఆయన మరణించిన గడ్డపై అది ఇంకా వర్తించదు. పుదుచ్చేరి మన చేతికి వచ్చింది 1954 నవంబరు 1న. చట్టరీత్యా సంక్రమించింది 1962 ఆగస్టు 16న. పద్నాలుగేళ్ళలోపు పిల్లలందరికీ ఉచిత విద్య కల్పిస్తామన్న పదేళ్ళ గడువు 1960లోనే ముగిసిపోయింది. పుదుచ్చేరి బాలబాలికలు చట్టరీత్యా మనవారయ్యేసరికి ఆ వాగ్దానానికి కాలదోషం పట్టి ఉన్నది. యానాం పిల్లల గతీ అంతే.

1951 ఏప్రిల్‌లో శ్యామాప్రసాద్ ముఖర్జీ అధ్యక్షతన పుదుచ్చేరిలో సమావేశం జరిగింది. అరవిందుల స్మారకంగా విశ్వవిద్యాలయ కేంద్రం స్థాపించాలని నిర్ణయించారు. 1952 జనవరి 6న మాత ప్రారంభించారు. 1959లో పేరు మార్చి అంతర్జాతీయ విద్యాకేంద్రం అన్నారు. విశ్వవిద్యాలయం అన్న మాట తీసేసినా, పట్టాలు ఇవ్వరాదన్న పట్టుదల తీసేయలేదు.

రాజ్యాంగం వదిలేసిన మాటను వెతికి తెచ్చింది ఒక ఆంధ్ర వ్యాజ్యం. ఉన్నికృష్ణన్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన కేసులో 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తగాదా క్యాపిటేషన్ ఫీజుల గురించి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కేనని ధర్మాసనం నిర్ణయించింది. గడువు పెట్టి మరీ చెప్పిన ఆదేశాన్ని నలభై ఏళ్ళు పట్టించుకోకపోవడం తగదన్నది. 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం వచ్చింది. 2009లో చట్టమైంది. 2010 ఏప్రిల్ 1న అమలయింది. అరవిందులు డూప్లే ఓడలో కలకత్తా విడిచిన నాటికి ఆ రోజుకు సరిగ్గా నూరేళ్ళు.

ఆ చట్టాన్ని తీరికగా చదివినవారికి 29వ సెక్షన్ ఒక విడ్డూరంగా తోస్తుంది. పిల్లవాని భయం పోగొట్టాలి, పనిద్వారా, అన్వేషణద్వారా నేర్పాలి, వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలి అని అందులో ఉన్నది. 'కర్మయోగిన్' వ్యాసాలు శాసనభాషలోకి వచ్చినట్లుంటుంది. 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తుంది. వార్షిక లెక్కలలో మాత్రం గదులు, మరుగుదొడ్లు, పంతుళ్ళ సంఖ్యలే వస్తాయి. ఏ పిల్లవాడు భయం లేకుండా చదివాడో లెక్కించే గడి లేదు. పిల్లలను తరగతిలో ఆపరాదన్న నిబంధనను కూడా 2019లో సడలించారు.

ఇంకొకటి. 21ఎ అధికరణం హక్కు ఇచ్చింది ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వారికి. రాజ్యాంగం మొదట పద్నాలుగేళ్ళలోపు అని మాత్రమే అన్నది. కింది హద్దు పెట్టలేదు. 2002 సవరణ ఆరేళ్ళలోపు పసివారిని విడదీసి 45వ అధికరణంలో కూర్చోబెట్టింది. అక్కడ వారికి హక్కు లేదు. వారి సంరక్షణకు, విద్యకు ప్రభుత్వం ప్రయత్నించాలి అని మాత్రమే ఉన్నది.